ట్రాన్స్‌ఫార్మరు ఉమ్మడి చెఱువు వంటిది

యాసంగి వరి పొట్టకు వచ్చియున్న కాలము. మడిలో నీరు రెండుదినములు తప్పినచో వెన్ను తాలుగా మాఱును. అట్టి సమయమున గట్టుమీది దిమ్మెపైనున్న ట్రాన్స్‌ఫార్మరు పెద్ద చప్పుడుతో కాలిపోయినదనుకొనుడు. దానిక్రింది రైతులందఱి మోటారులు ఒక్కసారిగా నిలిచిపోవును. వారు మొదట తమ రాతను నిందింతురు; పిమ్మట లైన్‌మన్‌ను నిందింతురు; తుదకు ఒకరినొకరు నిందించుకొందురు. కొన్నినాళ్ళకు మఱియొక ట్రాన్స్‌ఫార్మరు వచ్చి దిమ్మె నెక్కును. దానికిని అవే మోటారులు, అదే భారము. అది యెన్నాళ్ళు నిలుచునో యెవరును చెప్పజాలరు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల రైతులలో ఈ కష్టము నెఱుగనివారు అరుదు.

ఈ వ్యాసమున నేను మనవిచేయదలచినది ఒక్కటే. ట్రాన్స్‌ఫార్మరు ఊరి చెఱువువలె ఉమ్మడి ఆధారము. చెఱువునకు మన పెద్దలు కట్టుబాట్లు చేసిరి, నీరటిని నియమించిరి, తూము తెఱచుటకు వేళలును, మడులకు వంతులును ఏర్పఱచిరి. చెఱువు త్రవ్వించినవానికిని, దానిని బాగుచేయుచుండువానికిని దశబంధమను పేర మాన్యమిచ్చు ఆచారము కాకతీయుల కాలమున మన సీమలో నుండెను. నేడు మెట్టపొలములలో చెఱువు పనిని బోరుబావి చేయుచున్నది; తూము పనిని ట్రాన్స్‌ఫార్మరు చేయుచున్నది. అయినను ఈ క్రొత్త తూమునకు కట్టుబాటు లేదు, వంతు లేదు, కాపరి లేడు. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదన్న సామెత దీనియెడ అక్షరాల నిజమగుచున్నది. ఆ కట్టుబాటును చేయవలసినది మన సహకార సంఘములే యని నా అభిప్రాయము.

కట్టుబాటు చేయుటకు ముందు వస్తువు నెఱుగవలెను. ఎద్దు తీరు తెలియనివాడు దానికి కాడి కట్టజాలడు. కావున ట్రాన్స్‌ఫార్మరనగా నేమో, అందెన్ని రకములున్నవో, అవి యేయే చోటుల నేయే పని చేయుచున్నవో మొదట సంగ్రహముగా చెప్పెదను.

అది పనిచేయు విధము

నేను మిషను బడిలో చదువుకొను దినములలో మా సైన్సు పంతులుగారు ఒక ఇనుప కడియము తెచ్చి, దానికి రెండువైపుల రెండు తీగెచుట్టలు చుట్టిరి. ఒక చుట్టను టార్చిలైటు సెల్లుకు కలిపి, రెండవచుట్టను కరెంటును చూపు ముల్లుగల యంత్రమునకు కలిపిరి. రెండు చుట్టల తీగెలు ఒకదానినొకటి తాకుట లేదు. అయినను సెల్లును కలిపిన క్షణమున ముల్లు ఒకసారి అదరెను; విప్పిన క్షణమున మఱల అదరెను. కలిపియుంచినంతసేపు మాత్రము కదలలేదు. ఇంగ్లాండునందు మైకేలు ఫారడే 1831లో కనిపెట్టిన సంగతి యిదియే. ఇనుమునందలి అయస్కాంతశక్తి పెరుగునప్పుడో తరుగునప్పుడో మాత్రమే రెండవచుట్టలో కరెంటు పుట్టును; అది స్థిరముగా నున్నచో ఏమియు పుట్టదు.

మన పొలమునకు వచ్చు కరెంటు సెల్లు కరెంటువలె ఒకేదిక్కున పాఱునది కాదు. అది సెకండునకు 50 మాఱులు ముందునకును వెనుకకును ఊగులాడును. కావున దానిని ఒక చుట్టలోనికి పంపినచో ఇనుమునందలి అయస్కాంతశక్తి ఎడతెగక పెరుగుచు తరుగుచు నుండును. రెండవచుట్టలో ఎడతెగక కరెంటు పుట్టుచునే యుండును. ట్రాన్స్‌ఫార్మరనగా నింతియే. పలుచని ఉక్కురేకులను పేర్చిన దిండు ఒకటి, దానిపై కాగితపు తొడుగుగల తీగెచుట్టలు, అవి మునుగునట్లు నూనె, ఆ నూనెను పట్టియుంచు ఇనుపతొట్టి, వేడిని గాలికి విడుచు గొట్టములు లేక రెక్కలు. దానిలో తిరుగు భాగ మొక్కటియు లేదు. మోటారువలె అరిగిపోవుటకు బేరింగులు లేవు. సరిగా చూచుకొన్నచో ఇరువది యేండ్లకు పైగా సేవచేయగల వస్తువు అది.

రెండు చుట్టలలోని చుట్ల లెక్కయే వోల్టులను నిర్ణయించును. మన గ్రామములకు వచ్చు 11,000 వోల్టుల లైనుకు కలిపిన చుట్టలో 44 చుట్లున్నచోట, మోటారువైపు చుట్టలో 1 చుట్టు ఉండును. 11,000ను 44చే భాగించిన 250 వచ్చును. మోటారువైపు మూడు తీగెలలో ఏ ఒక్కదానికిని న్యూట్రలు తీగెకును నడుమ నుండునది ఆ 250 వోల్టులే. ఆ మూడింటిలో ఏ రెండింటి నడుమ చూచినను 433 వోల్టులుండును. ట్రాన్స్‌ఫార్మరుపై బిగించిన పలకమీద 11,000 మఱియు 433 అని వ్రాసియుండుటకు అర్థమిదియే.

ఒక సంగతిని మఱువరాదు. ట్రాన్స్‌ఫార్మరు కరెంటును పుట్టింపదు. వోల్టులను నీటి యెత్తుతోను, ఆంపియరులను పాఱు నీటి మొత్తముతోను పోల్చవచ్చును. ట్రాన్స్‌ఫార్మరు ఎత్తును తగ్గించి నీటిని పెంచును, లేక ఎత్తును పెంచి నీటిని తగ్గించును. రెండింటిని గుణించిన ఫలము మాత్రము పెరుగదు. పైగా అది తన కూలిగా కొంత పుచ్చుకొనును. ఆ కూలి రెండు విధములు. ఉక్కుదిండులో పోవు నష్టము మోటారులు నడచినను నడువకున్నను రేయింబవళ్ళు ఒకే తీరున నుండును. తీగెచుట్టలలో పోవు నష్టము భారమును బట్టి పెరుగును. అదియు భారపు వర్గమును బట్టి పెరుగును. భారము రెండింతలైనచో వేడి నాలుగింతలగును. ఈ లెక్కను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో పనియున్నది.

చేల్పూరు నుండి చేనువఱకు

ఇక రకములను గూర్చి. భూపాలపల్లి సమీపమున చేల్పూరునందు కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. దాని మొదటి దశ 500 మెగావాట్లు, రెండవ దశ 600 మెగావాట్లు. అంత పెద్ద జనరేటరులలో కరెంటు సుమారు 20,000 వోల్టులకడ పుట్టును. దానిని అట్లే దూరమునకు పంపినచో తీగెలు వేడెక్కి చాల భాగము దారిలోనే నశించును. కావున మొట్టమొదట దానిని పెద్ద పెంపు ట్రాన్స్‌ఫార్మరులలోనికి పంపి, లక్షల వోల్టులకు పెంచెదరు. వోల్టులను పదింతలు చేసినచో అదే శక్తిని మోయుటకు ఆంపియరులు పదవవంతు చాలును. తీగెలోని వేడి నూఱవవంతునకు దిగును. మన రాష్ట్రమున ఎత్తైన ఇనుప స్తంభములపై 2,20,000 వోల్టుల లైనులు, 4,00,000 వోల్టుల లైనులు పోవుచుండుటకు కారణమిది.

ఈ యుపాయము తెలియని కాలమున, 1882లో, అమెరికాలోని న్యూయార్కు నగరమున ఎడిసను స్థాపించిన కేంద్రము 110 వోల్టుల ఒకేదిక్కు కరెంటును సుమారు ఒక మైలు దూరమునకు మాత్రమే అందింపగలిగెను. 1885లో హంగేరీ దేశపు బుడాపెస్టునందు జిపర్నోవ్‌స్కీ, డేరీ, బ్లాథీ యను మువ్వురు ఇంజనీర్లు మూసిన ఉక్కుదిండుగల ట్రాన్స్‌ఫార్మరును రూపొందించిరి. అటుపిమ్మట పదునేడేండ్లకే, 1902లో, మైసూరు సంస్థానమున కావేరి శివనసముద్ర జలపాతము నుండి కోలారు బంగారు గనులకు నూఱు మైళ్ళకు కొంచెము తక్కువ దూరము కరెంటు పోయెను. ట్రాన్స్‌ఫార్మరు లేకున్నచో పల్లెకు కరెంటను మాటయే లేదు.

పెంచిన దానిని మఱల దించవలెను గదా. పెద్ద సబ్‌స్టేషనులలో నుండు పవర్ ట్రాన్స్‌ఫార్మరులు దానిని మెట్లుమెట్లుగా 1,32,000కును, 33,000కును, మన మండలములలోని చిన్న సబ్‌స్టేషనులో 11,000కును దించును. అచ్చట నుండి స్తంభములపై వచ్చి పొలముగట్టున నిలిచిన మన ట్రాన్స్‌ఫార్మరు తుది మెట్టు. దీనిని పంపిణీ ట్రాన్స్‌ఫార్మరు అందురు. ఇవి 16, 25, 63, 100, 160 కె.వి.ఏ. పరిమాణములలో నుండును. పూర్వము ఒక 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు నుండి తక్కువ వోల్టుల తీగెలను దూరముగా లాగి అనేకులకు ఇచ్చెడివారు. తోకనున్నవానికి వోల్టేజి చాలక మోటారు మూల్గెడిది. అందుచే 11,000 వోల్టుల లైనునే పొలములలోనికి తెచ్చి, నలుగురైదుగురు రైతులకొకటి చొప్పున 16 లేక 25 కె.వి.ఏ. చిన్న ట్రాన్స్‌ఫార్మరులను నిలుపు పద్ధతి వచ్చినది. ఇది మంచి పద్ధతి. కాని చిన్న పాత్రలో పెద్ద పాత్ర నీరు పోయ యత్నించినచో ఏమగునో అదియే మన పొలములలో జరుగుచున్నది.

ఈ పెద్ద కుటుంబమున మఱికొన్ని రకములు కలవు. రైసుమిల్లులకు 11,000 వోల్టుల కరెంటును నేరుగా ఇచ్చినచోట ఆ వోల్టులను, ఆ ఆంపియరులను మీటరు భరింపజాలదు. కావున వానిని లెక్కప్రకారము చిన్నవి చేసి చూపు కొలత ట్రాన్స్‌ఫార్మరులను అమర్తురు. వీనిని సీటీ, పీటీ యందురు. పది బస్తాల రాశి నుండి గుప్పెడు గింజలు తీసి నాణ్యము చూచుట వంటిది వాని పని. రెండు చుట్టలకు బదులు ఒకే చుట్టకు నడుమ కొమ్మ తీసినచో అది ఆటో ట్రాన్స్‌ఫార్మరు. ఇండ్లలోని స్టెబిలైజరులలోను, పెద్ద మోటారులను మెల్లగా నడకకు తెచ్చు కొన్ని స్టార్టరులలోను అది యుండును. ట్రాక్టరు నాగలి విఱిగినప్పుడు మనము పోవు వెల్డింగు షాపులోనిది వోల్టులను బాగుగా తగ్గించి ఆంపియరులను వందలకు పెంచు ట్రాన్స్‌ఫార్మరు. పెద్ద భవనములలో అగ్నిభయముచే నూనె లేకుండ గాలితో చల్లబడు పొడి ట్రాన్స్‌ఫార్మరులను పెట్టుదురు. రూపములు వేఱు, సూత్రము ఒకటియే.

లెక్క చూతము

ఇప్పుడు మన గట్టునకు వత్తము. 5 హెచ్.పి. మోటారు ఒకటి నడచునప్పుడు సుమారు 4.5 కిలోవాట్ల శక్తిని తీసికొనును. కెపాసిటరు లేనిచో ట్రాన్స్‌ఫార్మరుపై దాని బరువు సుమారు 5.6 కె.వి.ఏ. పడును. కావున 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు నాలుగు మోటారులను సుఖముగా మోయును. అప్పటి బరువు 22.4. 16 కె.వి.ఏ.ది రెండింటిని మోయును. 63 కె.వి.ఏ.ది పదునొకండింటిని, 100 కె.వి.ఏ.ది పదునేడింటిని మోయును. ఇది పలకమీది అంకెను 5.6చే భాగించి ఏ రైతైనను ఇంటికడ చేసికొనదగిన లెక్క.

నేనెఱిగిన ఒక గ్రామమున 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు ఒకే యాసంగిలో రెండుమాఱులు కాలెను. రెండవసారి కాలినప్పుడు నేనచ్చటి ప్రదర్శన క్షేత్రము చూచుటకు పోయియుంటిని. రైతులు కోపముతో నుండిరి. పాత సరకు తెచ్చి పెట్టిరని కొందఱు, నూనె దొంగిలిరని కొందఱు అనిరి. నేను వారితో కలిసి మోటారులు లెక్కించితిని. పుస్తకములో నాలుగు కనెక్షనులు, ఒక్కొక్కటి 3 హెచ్.పి. యని యుండెను. చేలలో ఎనిమిది మోటారులు, అన్నియు 5 హెచ్.పి.వి, నడచుచుండెను. ఎనిమిదింటి బరువు 44.8; అనగా పలకమీది అంకెకు దాదాపు ఒకటిన్నొక ఎనిమిది పదవవంతులు. వర్గపు లెక్క ప్రకారము చుట్టలలోని వేడి మూడింతలు దాటినది. నేను కఱ్ఱతో నేలపై ఈ అంకెలు వ్రాసి చూపినప్పుడు ఒక ముసలి రైతు, “పంతులూ, రెండెడ్ల బండికి నలుగురి ధాన్యమెక్కించి ఎద్దు కూలబడెనని ఏడ్చితిమన్నమాట” అనెను. అంతకు మించి నేను చెప్పవలసినది లేకపోయెను.

ఈ యెక్కువ మోటారులు దురాశవలన వచ్చినవని నేననను. జనగామ ప్రాంతము గట్టి రాతినేల. బోరులో నీరు దిగినకొలది రైతు గొట్టములు దింపును. గొట్టములు దింపినకొలది మోటారును పెంచును. 3 హెచ్.పి. పోయి 5 వచ్చును, 5 పోయి ఏడున్నర వచ్చును. బోరు ఎండినవాడు ప్రక్కన మఱియొక బోరు వేయును. ఒక్కొక్కని యింటిలో ఇది ప్రాణావసరము. కాని అందఱి ప్రాణావసరములు కలిసి ఒక ట్రాన్స్‌ఫార్మరుపై కూర్చున్నప్పుడు అందఱి పంటయు ఎండుచున్నది. చేల్పూరు పొగగొట్టములు కనబడు పొలములలో సైతము, దీపము క్రింది చీకటివలె, ట్రాన్స్‌ఫార్మరు కాలి మోటారు నిలిచిన రైతులున్నారు. అచ్చట కొఱత కరెంటుది కాదు, తుది మెట్టుది.

ఏల కాలును?

బరువు మొదటి కారణము. చుట్టలపై కాగితపు తొడుగు వేడికి పెళుసెక్కును. వేడి తన హద్దునకు మించి సుమారు 6 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల దాని ఆయుస్సు సగమగునని ఇంజనీర్లు లెక్కింతురు. తొడుగు చెడినచో చుట్టు చుట్టునకు తగిలి కాలును.

ఆటోస్టార్టరు రెండవ కారణము. మోటారు కదలునప్పుడు నడకలో తీసికొను కరెంటునకు ఆఱింతల వఱకు లాగును. 5 హెచ్.పి. మోటారు నడకలో ఏడున్నర ఆంపియరులు తీసికొనినచో, లేచునప్పుడు 45 లాగును. కరెంటు పోయి వచ్చినంతనే ఎనిమిది ఆటోస్టార్టరులు ఒక్కసారి ఎనిమిది మోటారులను లేపినచో 360 ఆంపియరులు. 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు హద్దు 33. చుట్టలపై పడు ఆ దెబ్బ సుత్తిదెబ్బ వంటిది. 2018 జనవరి 1 నుండి మన రాష్ట్రమున సేద్యమునకు 24 గంటల ఉచిత కరెంటు ఆరంభించినప్పుడు ఆటోస్టార్టరులను తీసివేయుడని ప్రభుత్వమును విద్యుత్ సంస్థలును రైతులను గట్టిగా కోరుటకు ఇది యొక కారణము. భూగర్భజలము వ్యర్థముగా తరిగిపోవుట మఱియొక కారణము.

మూడవది ఫ్యూజు. తగిన సన్నతీగె ఉండవలసినచోట లావు అల్యూమినియము తీగెను పెనవేసి కట్టుట మన పల్లెలలో సాధారణమైపోయినది. ఫ్యూజు కాలుట నష్టము కాదు. ట్రాన్స్‌ఫార్మరునకు బదులుగా తాను కాలుటయే దాని ధర్మము. దానిని కాలకుండ చేసినచో కాలవలసినది ట్రాన్స్‌ఫార్మరే. నాలుగవది, మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు కండెన్సరు తగిలించి మోటారును రెండు ఫేజులపై నడుపుట; ఇందుచే బరువు ఒకవైపునకు ఒరిగి మోటారును, ట్రాన్స్‌ఫార్మరును రెండును చెడును. ఇక నూనె తగ్గుట, లోనికి చెమ్మ చేరుట, వేసవిలో ఎర్తుగుంత ఎండిపోవుట, పిడుగు, దొంగతనము అనునవి మిగిలిన కారణములు.

ఆక్షేపణలకు సమాధానము

“ట్రాన్స్‌ఫార్మరు సర్కారుది, దానిని చూచుకొను బాధ్యత మాకేల?” అని కొందఱందురు. ఆ మాటలో సగము న్యాయమున్నది. కాలినదానిని మార్చు బాధ్యత పంపిణీ సంస్థదే. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణముల ప్రకారము చెడిన పంపిణీ ట్రాన్స్‌ఫార్మరును పట్టణములలో 24 గంటలలోను, గ్రామములలో 48 గంటలలోను మార్చవలెను. ఫిర్యాదునకు 1912 అను ఫోను సంఖ్య కలదు. ఈ హక్కును రైతు వదలుకొనరాదు. ఒక్కడు పోయి అడిగినదానికంటె సహకార సంఘము తీర్మానము వ్రాసి, కాలిన వేళను, ఫిర్యాదు సంఖ్యను పుస్తకమున నమోదుచేసి అడిగినచో దానికి బలమెక్కువ. కాని మన మోటారుల నిజమైన లెక్కను దాచిపెట్టి పెద్ద ట్రాన్స్‌ఫార్మరును ఎట్లడుగుదుము? పుస్తకములో నాలుగు మోటారులున్నచో, పుస్తకము చూచి ఇచ్చువాడు నాలుగింటికే ఇచ్చును. నిజము చెప్పి, అదనపు లోడును క్రమపఱచుకొని, పిదప 63 కె.వి.ఏ. అడుగుట ఋజుమార్గము. చెఱువు సర్కారుదే, అయినను గండిపడునపుడు గంప పట్టుకొని పరుగెత్తినది రైతే గదా.

“ఆటోస్టార్టరు తీసివేసినచో అర్ధరాత్రి మోటారు పెట్టుటకు పాములు తిరుగు గట్టున నేను పోవలెనా?” అని రెండవ ఆక్షేపణ. ఇది నిజమైన బాధ. దీనిని తేలికగా త్రోసివేయువాడు రాత్రివేళ పొలము చూచినవాడు కాడు. దీనికి రెండు ఉపాయములు కలవు. వంతులు పగటివేళలలోనే పెట్టుకొనుట మొదటిది. ఎవరికైన ఆటోస్టార్టరు తప్పనిసరియైనచో, కరెంటు వచ్చిన వెంటనే గాక కొన్ని నిమిషములాగి మోటారును లేపు టైమరును దానికి పెట్టించుట రెండవది. ఒకరిది రెండు నిమిషములు, వేఱొకరిది నాలుగు, మఱియొకరిది ఆఱు అని నిర్ణయించినచో మోటారులు ఒకటివెనుక నొకటి లేచును, దెబ్బ తప్పును. అయినను ఒక్కసారి నడుచు మోటారుల సంఖ్య ట్రాన్స్‌ఫార్మరు హద్దును దాటరాదు. టైమరు మొదటి దెబ్బను తప్పించునే కాని బరువును తగ్గింపదు.

చేయవలసిన పని

ప్రతి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘము తన గ్రామములలోని సేద్యపు ట్రాన్స్‌ఫార్మరులకు ఒక పుస్తకము పెట్టవలెను. ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులు ఒక చిన్న మండలిగా ఏర్పడి, తమలో నొకరిని కాపరిగా ఎన్నుకొనవలెను. ఆయనయే, లేక ఆమెయే, ఈ కాలపు నీరటి. మండలి చేసికొనవలసిన కట్టుబాట్లు నా దృష్టిలో నివి.

మొదటిది, పలకమీది కె.వి.ఏ.ను, చేలలోని మోటారులను, వాని హెచ్.పి.ని ఉన్నవి ఉన్నట్లు వ్రాయుట. రెండవది, బరువు మించినచో మోటారులను రెండు వంతులుగా విభజించుట. నేను చెప్పిన గ్రామమున అటులనే ఉదయము నాలుగు, మధ్యాహ్నము నాలుగు అని పెట్టుకొనిరి. ఆ యాసంగి చివఱివఱకు ట్రాన్స్‌ఫార్మరు నిలిచెను, మడులన్నియు తడిసెను. మూడవది, ప్రతి మోటారునకు కెపాసిటరు పెట్టుట. 3 హెచ్.పి.కి 1 కె.వి.ఏ.ఆర్., 5 హెచ్.పి.కి 2 తగును. కెపాసిటరుతో 5 హెచ్.పి. మోటారు బరువు 5.6 నుండి సుమారు 4.7కు దిగును. అనగా నాలుగు మోటారులు నడచినచోట అయిదు నడువగలవు. వేలరూపాయల ఖర్చు లేకయే ఒక రైతు వంతు ముందునకు వచ్చును. నాలుగవది, లావుతీగె ఫ్యూజులను కట్టకుండుట. అయిదవది, నూనె కారుచున్నదా, గాజుబుడ్డిలోని నీలిగుళికలు చెమ్మపీల్చి గులాబివన్నెకు మాఱినవా, ఎర్తుగుంత తడిగానున్నదా యని కాపరి దూరమునుండి చూచి సంస్థవారికి తెలుపుట. వేసవిలో ఎర్తుగుంతకు తడి తగ్గినదని చెప్పి పోయించుట చిన్నపని. మనుష్యుని ప్రాణము కాపాడు పని.

ఆఱవది అన్నింటికంటె ముఖ్యము. ఏ రైతును ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె నెక్కరాదు. ఏబీ స్విచ్చి దించితినని నమ్మి ఫ్యూజు వేయబోయి మరణించిన రైతులు మన జిల్లాలలో కలరు. స్విచ్చి దించినను ఒక కత్తి అంటుకొనియుండవచ్చును. వేఱొక దిక్కునుండి కరెంటు వెనుకకు రావచ్చును. పంట పోయినచో మఱుసటి కారుకు వచ్చును. ఇంటి యజమాని పోయినచో రాడు. లైన్‌మన్ వచ్చువఱకు వేచియుండుటకు సంకోచింపరాదు. పిలిచిన వెంటనే ఆయన వచ్చునట్లు పట్టుపట్టుటకు మండలి యున్నది.

కెపాసిటరులకు, టైమరులకు మోటారొక్కింటికి కొంత చొప్పున ఏటేట చందా పెట్టుకొని సంఘములో నిలువచేసినచో మంచిది. ట్రాన్స్‌ఫార్మరు కాలిన ప్రతిసారియు ట్రాక్టరు కిరాయికని, మఱియొకదానికని రైతులు చేతినుండి తీయుచున్న సొమ్ముతో పోల్చినచో ఆ చందా స్వల్పము. ఇది దశబంధమునకు నేటి రూపము.

ఇది జరుగునా యని సందేహించువారికి దూరము పోనక్కఱలేని నిదర్శన మున్నది. 1970లో సిరిసిల్లలో స్థాపింపబడిన సహకార విద్యుత్ సరఫరా సంఘము నేటికిని ఆ ప్రాంతపు గ్రామములకు కరెంటు పంచుచున్నది. కరెంటును మొత్తముగా కొని, తన సభ్యులకు అందించు సహకార సంఘమది; దాని పాలకులను సభ్యులైన వినియోగదారులే ఓటువేసి ఎన్నుకొందురు. ఒక తాలూకా రైతులు, నేతపనివారు కలిసి స్తంభములను, తీగెలను, సబ్‌స్టేషనులను నడుపగలిగినప్పుడు, ఒక గట్టుమీది ఎనిమిదిమంది రైతులు ఒక్క ట్రాన్స్‌ఫార్మరునకు వంతులు పెట్టుకొనలేరా?

విత్తనములకు, ఎరువులకు, అప్పునకు మనము సంఘముగా కూడితిమి. పంటకు ప్రాణమైన నీరు నేడు కరెంటుపై ఆధారపడియున్నది. ఆ కరెంటు చివఱి మెట్టు మన గట్టుమీదనే యున్నది. ఈ సంచికను చదివిన సభ్యులు రాబోవు సర్వసభ్యసమావేశమున ట్రాన్స్‌ఫార్మరు పుస్తకము పెట్టవలెనని ఒక తీర్మానమును ప్రతిపాదింతురు గాక. యాసంగి నాట్లు పడుటకు ముందే ఆ పని జరుగవలెను. గండి పడిన పిదప కట్టను గూర్చి ఆలోచించుట మన తాతలు చేయలేదు, మనమును చేయరాదు.